జర్మన్ తుపాకీకి కుంకుమ బొట్టు

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ ముద్దుల జర్మన్ తుపాకీని మ్యూజియానికి ఇచ్చేశాను. కోపమొస్తే వచ్చి తెచ్చుకోండి.

ఈ అమెరికాలో, నేపర్‌విల్‌లో మనింట భోంచేసిన ప్రతివాడికీ దాని చరిత్ర వినిపించారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోతున్న జర్మనీ ప్రయోగం కోసం కొన్నే చేయించిందనీ, సైనికుల చేతికి అందేలోగా యుద్ధమే అయిపోయిందనీ, ఆ ఇంజనీర్లు పరాయి దేశాలకెళ్లి అదే పద్ధతిలో మళ్లీ తుపాకులు చేశారనీ. పప్పు చల్లారిపోయేది గానీ మీ కథ తెమిలేది కాదు. మన అమ్మాయి ఏ క్లాసో మాత్రం నన్నడిగేవారు.

మ్యూజియం అతను గరాజ్‌లో దాన్ని తిప్పి చూసి, "మ్యామ్, ఈ ఎర్ర మరకేంటి?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"డాడీ దసరాకి ఆయుధపూజ చేసి కుంకుమ పెట్టారు," అంది అమ్మాయి.

మీరు పోయినప్పుడు మీ అక్కయ్య ఇండియా నుంచి ఫోన్ చేసి మరీ నా బొట్టు తీయించింది. ఆ ఇనుప ముక్క మాత్రం ఏడాది పొడుగునా ముత్తైదువలా గరాజ్‌లో కూర్చుంది!

అతను తుడవడానికి జేబులోంచి గుడ్డ తీయబోతే ఆపి, నా కొంగుతో నేనే తుడిచాను.

"అమ్మా, ఆర్ యూ ఓకే?"

లోపలికెళ్లి బొట్టు పెట్టుకొచ్చి, తుపాకీ ఎక్కించిన అతని స్టేషన్ వేగన్ కారు తలుపు నేనే వేశాను.