నలభై క్యాసెట్లలో నీ చేతులు

బుద్రీ,

పుట్టుచెవిటివని నీకెవరూ చదువు చెప్పలేదు. బతికున్నా ఈ ఉత్తరం చదవలేకపోయేదానివి.

నువ్వు జ్వరంతో పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళ మీ అమ్మ టైడా స్టేషన్లో రైలెక్కి, యూనివర్సిటీలో నా గది వెతుక్కుంటూ వచ్చింది. ఇంట్లో నీ ఫొటో ఒక్కటీ లేదట.

"మా గుంట మొకం ఓపాలి సూపించండి బాబూ," అంది.

ఆరేళ్లపాటు నీ సైగలు తీసిన వీడియో క్యాసెట్లు నలభై ఉన్నాయి. నాకు డాక్టరేటు, ఈ ఉద్యోగం వాటితోనే వచ్చాయి. ఒక్కొక్కటే టీవీలో వేశాను. వేళ్లు స్పష్టంగా కనపడాలని అన్నీ నీ మెడ నుంచి కిందికే తీశాను.

"ఇయ్యి సేతులు గదా బాబూ. మొకమేదీ?"

టేపులు ముందుకు తిప్పుతూ పూటంతా వెతికాను. ఆవిడ తెర మీద నీ వేళ్లు తడుముతూ కూర్చుని, రైలు వేళకి వెళ్లిపోయింది. నేను టీవీ కట్టేయలేక మళ్లీ మొదటి క్యాసెట్ నుంచి వేస్తున్నాను.

సగం మాట నువ్వు కళ్లతో, కనుబొమ్మలతో చెప్పేదానివి. అందుకే ప్రతి క్యాసెట్‌లోనూ చెయ్యి చాచి కెమెరాను పైకెత్తబోయావు. రికార్డింగు పాడవుతుందని ప్రతిసారీ నీ చెయ్యి తోసేశాను.

థీసిస్‌లో ఆ చెయ్యి చాచే సైగ ఎదురుగా 'అర్థం లేదు' అని రాశాను, బుద్రీ.