బేరిపండులో ఇసుక

నాయినా, నేను బాగున్నాను, ఫికర్ చేయకు.

నిన్న ల్యాబులో బేరిపండును నాలుగుసార్లు కడిగి, ముక్క కోసి, చెక్కను మాత్రమే ఎర్రబరిచే మందు వేశాను. కండలోని పలుకులన్నీ ఎర్రబడ్డాయి. పంటికింద తగిలేది ఇసుక కాదు, చెక్కను గట్టిపరిచే లిగ్నిన్. అది ఎంత ఉండాలో చెట్టు జన్యువులే నిర్ణయిస్తాయి. కడిగితే పోదు.

దసరాకు నేను తెచ్చిన బేరిపండు కొరికి అవ్వ, "కడుగకుంటనే ఇచ్చినవా, నోట్లె ఇసుక తగుల్తాంది" అని అమ్మను అందరి ముందు కసిరింది గదా. అప్పటినుంచి అమ్మ జామపండును కూడా మూడు నీళ్లలో కడుగుతోంది.

కంది కోశారా? కోస్గి దవాఖానలో అవ్వ కళ్లు చూపించావా? అవ్వకు దండాలు. ఈ కార్డు ఆమెకు చదివి వినిపించు, వంటింట్లో ఉన్న అమ్మకు కూడా వినబడేటట్టు గట్టిగా.

మనీష