చిప్పు మీద బొట్టు

దసరా, రాత్రి.

ఉదయం ఆయుధపూజకు తమ్ముడు రఘు తను చేసిన చిప్పును మూత తీసి అమ్మవారి ముందు పెట్టాడు. గోరంత చిప్పులోనే యాంటెన్నా ఇమిడ్చాడు. వాడు చేసినవాటిలో పనిచేసేది ఆ చిప్పొక్కటే. రేపు కంపెనీవాళ్లు చూడటానికి వస్తున్నారు. అన్నిటితో పాటు దానికీ తడి కుంకుమ బొట్టు పెట్టాను.

సాయంత్రం సిగ్నల్ రాలేదు. రఘు కుంకుమ తుడవబోతే వెంట్రుకల్లాంటి తీగలు తెగిపోయాయి.

"గదేమన్న కత్తిపీటా వదినా, బొట్టు పెట్టనీకి?" అంది మరదలు.

"ఊకో. గది నిన్ననే పోయింది. నువ్వు ఫికర్ చెయ్యకక్కా" అన్నాడు రఘు.

నిన్ననే పోయి ఉంటే పూజకు తెచ్చేవాడా? అమ్మవారి ముందు వాడెన్నడూ అబద్ధమాడలేదు. ఇవాళ నా కోసం ఆడాడు. దీపంలో నూనె పోసి అక్కడే కూర్చున్నాను.