నల్లకోటు వేసుకుని రా

అన్నయ్యా,

ఫోన్ చేస్తే వాదనకు దిగుతావని పక్కింటావిడ చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. సెక్స్ వర్క్‌ని చట్టం ఒప్పుకుంటే ఆడపిల్లలు పాడైపోతారని మీ లాయర్ల సంఘంలో గొంతు చించుకుంటావు కదా. ఇంకా ఒప్పుకోలేదుగా, మరి ఈ పిల్లనెవరు కాపాడారు? ఆడపిల్లల చేత ఒళ్లమ్మించే ఇంటి నుంచే పారిపోయి నా దగ్గరికొచ్చింది. మొన్ననే పద్దెనిమిది నిండాయని, చిన్నపిల్లవి కావు పొమ్మన్నారట పిల్లల హెల్ప్‌లైన్ వాళ్లు. స్టేషన్‌కెళితే, "ముందు నీమీదే కేసు" అన్నారట.

ఆ ఇల్లు నడిపేవాడు ఇప్పుడు మా మెట్లమీద కూర్చున్నాడు. "మేనమామనండీ, పంపించండి" అంటూ మర్యాదగా మంచినీళ్లు కూడా అడిగాడు. వాడి గొంతు వినగానే పిల్ల బల్లకింద దూరి నా కాలు పట్టుకుంది, వదలడం లేదు.

మన పోట్లాట ఎక్కడికీ పోదు. వాడు నా నోటికి భయపడడం లేదు. నల్లకోటు వేసుకుని రా.

నీ చెల్లెలు