మూడో స్థానంలో నీ పేరు

రెయినో అన్నయ్యకు,

అమ్మా నేనూ కులాసా. నాన్నను ఈ మాటలో కలపలేదు, ఎందుకో కింద రాస్తాను. సరస్సు మీద పెద్దగాలులని రేడియోలో చెప్పినప్పుడల్లా, నీ ఓడ పేరు వినిపిస్తుందేమోనని అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోతోంది. వీలైనప్పుడు రెండు ముక్కలు రాస్తూ ఉండు.

మన బేస్‌బాల్ జట్టులో కోవాచ్ బ్యాటుకి నెలరోజులుగా బంతి తగలడం లేదు కదా, జట్టు నడిపే నాన్న అతన్ని బ్యాటింగ్ వరుసలో మూడో స్థానం నుంచి ఎందుకు దించడని అడిగావు. నేనూ అదే అడిగాను. మనల్ని గెలిపిస్తున్నది అర్విడ్ విసిరే బంతులే గానీ బ్యాటింగ్ వరుస కాదని, కిందికి దించితే కోవాచ్ భుజాల మీద బరువైనా తగ్గుతుందని వాదించాను. "గెలుస్తున్నప్పుడు సాక్సు కూడా ఉతకం, వరుస మారుస్తామా?" అన్నాడు నాన్న. ఊరంతా ఆయన వైపే. బస్సులో ఎవరి సీటు వాళ్ళదే. ప్రతి ఆటకీ అమ్మ అదే మాంసం రొట్టె చేస్తోంది, తినలేక చస్తున్నాం.

నాన్నది పట్టుదలే అనుకున్నాను. ఇంతలో కోవాచ్ చెయ్యి గనిలో రాళ్ళు మోసే బెల్టులో పడింది. రెండు వేళ్ళు తీసేశారు. చూడ్డానికి వెళ్తే, "ఇప్పుడైనా మీ నాన్న నన్ను దించుతాడంటావా?" అని నవ్వబోయాడు.

ఆ శనివారం వరుస మార్చక తప్పలేదు. నాన్న ఎప్పటిలాగే బెంచీ ముందు నిలబడి పేర్లు పిలుస్తూ మూడో దగ్గర ఆగిపోయాడు. మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు, కొత్తవాళ్ళని చూసినట్టు. చివరికి "రెయినో" అన్నాడు.

అర్విడ్ మోకాలితో నన్ను పొడిచాడు. "లేవరా, నిన్నే."

లేచాను. నాన్న ముఖం తేటపడింది.

ఆ ఆట గెలిచాం. కష్టమంతా అక్కడే వచ్చింది. గెలిచాక ఏదీ మార్చకూడదు కదా. ఇప్పుడు ప్రతి ఆటకీ నాన్న నీ పేరు పిలుస్తాడు, నేను లేస్తాను, జట్టంతా బూట్లకేసి చూస్తుంది. దేనికైనా సరైన మాట వెతికే పిచ్చి నాకు ఈమధ్యే పట్టింది, నీకు తెలుసు. నాన్నకి వచ్చినదానికి మతిమరుపు అన్న మాట చాలదు. ఇంకోటి రాయడానికి చెయ్యి రావడం లేదు. మొన్న కాఫీ పెడతానని లేచి, పొయ్యి ముందు నిలబడి వంటిల్లు ఎక్కడని అడిగాడట. డ్యులూత్‌లో డాక్టరు దగ్గరికి వెళ్దామని అమ్మ బతిమాలింది. "ఓడిన మర్నాడు వస్తాను హెల్మీ, ముందు కాదు" అన్నాడు. అమ్మ జట్టువాళ్ళకి చెప్పుకుంది. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టమన్నారు.

ఇప్పటిదాకా దాచిన సంగతి రాస్తున్నాను. కిందటి ఆటలో ఆఖరి వంతుకి ఒక్క పరుగు వెనకబడ్డాం. ఇద్దరు అవుట్, మూడు బేసుల మీదా మనవాళ్ళే. బ్యాటింగ్ నాది. ఎలాగైనా ఓడిపోవాలనుకున్నాను. మూడు మంచి బంతులు వదిలేస్తే నేనూ అవుటయిపోతానని, బ్యాటు భుజం మీంచి దించకుండా కొయ్యలా నిలబడ్డాను. కానీ అవతల విసిరేవాడు తడబడ్డాడు. ఒక్క బంతీ గురికి రాలేదు. నాలుగు చెడ్డ బంతులకి నాకు ఊరికే బేసు దక్కింది, పైగా ఆ నాలుగోది వాళ్ళ క్యాచర్ నెత్తిమీదుగా పోయింది. మనవాళ్ళిద్దరు పరుగెత్తుకొచ్చేశారు, గెలిచేశాం.

నాన్న వచ్చి నన్ను వాటేసుకున్నాడు. "నీ చూపు గొప్పదిరా రెయినో. చెడ్డ బంతి ఒక్కటీ ముట్టుకోలేదు. తమ్ముడికి కూడా నేర్పు. వాడెక్కడున్నాడో, కనిపించడం లేదు."

నేర్పుతానన్నాను.

ఇట్లు,
నీ తమ్ముడు ఓన్ని