సీనప్ప తాగింది నా కాఫీ

ధర్మపురి వాహన లైసెన్సుల అధికారి గారి సముఖమునకు,
కాఫీపొడి అంగడి భూపతి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: స్కూలు వ్యాను డ్రైవరు సీనప్ప లైసెన్సును తిరిగి ఇప్పించి, నేరమును నా పేరున నమోదు చేయుట గురించి.

తమరు తెలుగువారని విని, ఇంట్లో నేర్చుకున్న అక్షరాలతో నేనే రాస్తున్నాను. వకీలు తమిళంలో రాసిచ్చిన అర్జీలో నా తప్పు "చిన్న పొరపాటు" అయినది. అందుచేత దానిని చించివేయడమైనది.

1. నేను ఇంట్లో కాఫీ మద్యం తయారుచేసితిని. చిక్కటి డికాషన్‌లో చక్కెర పాకం కలిపి, చల్లార్చి, రమ్ము పోసి, ఏలకులు వేసి, సీసాలో కొన్ని వారాలు మాగబెట్టితిని. చాలా బాగా కుదిరినది. మెచ్చుకొనుటకు మనిషి లేడు. నా భార్య కలైవాణి వాసన చూసి సీసాను వంటింటి బయట పెట్టినది.

2. సదరు సీనప్ప ఒకప్పుడు బాగా తాగేవాడు. కూతురు పుట్టినాక మానేశాడు. ఈ సంగతి నాకు తెలుసును. తెలిసియుండియు, పోయిన వారం ఎండలో అంగడికి వచ్చిన అతనికి చల్లటి పాలలో ఆ మద్యం కలిపి, చల్ల కాఫీ అని చెప్పి ఇచ్చితిని.

"ఇదేం వాసన అన్నా?" అన్నాడు.

"ఏలక్కాయరా" అన్నాను.

"బలే ఉందన్నా" అని ఇంకో గ్లాసు తాగినాడు. ఆ మాట కోసమే పోశానయ్యా. వేరే కారణం లేదు.

3. అక్కడి నుంచి బడి పిల్లల కోసం బయలుదేరిన అతనిని అదియమాన్‌కోట్టై దగ్గర పోలీసులు ఆపి, ఊదించి, పట్టుకున్నారు. వ్యానులో అప్పటికింకా పిల్లలు ఎక్కలేదు. ఎక్కి ఉంటే అన్న ఆలోచన వద్ద నా కలము ఆగిపోవుచున్నది. లైసెన్సు నిలిపివేయబడినది. ఉద్యోగం పోయినది. భార్య సౌభాగ్యం బిడ్డను తీసుకొని పెరియంపట్టిలోని పుట్టింటికి పోయినది.

4. మరునాడు అతను వచ్చినాడు.

"అన్నా, నీ అంగట్లో నేను కాఫీ తప్ప ఏమీ తాగలేదు కదా?"

"కాఫీనే" అన్నాను.

"అయితే ఎక్కడో తాగి మరిచిపోయినానేమో. నా మీద నాకే నమ్మకం పోయిందన్నా."

మద్యం పోయడం ఒక తప్పు. ఆ మాట విన్న తర్వాత కూడా నోరు విప్పక, అతనికి కాఫీపొడి పొట్లం కట్టి పంపడం అంతకంటె పెద్ద తప్పు.

కావున పరీక్ష నిమిత్తం మిగిలిన సీసాను దీనితో జతపరచడమైనది. తమరు చిత్తగించి, నన్ను ఏమి చేసినను సరే, అతనిని నిర్దోషిగా ఎంచవలెను.

తమ విధేయుడనని చెప్పుకొనుటకు సిగ్గుపడుచున్న,
భూపతి

వి.సూ.: ఇది తమకు ఇచ్చే ముందు సీనప్పకు చదివి వినిపించాను. కొడతాడనుకున్నాను. అతను ఫోను తీసి, సౌభాగ్యానికి కలిపి, నా చేతిలో పెట్టాడు. అంతా చెప్పాను. ఆమె, "ఆయప్ప పక్కనే ఉండాడా? ఫోనియ్యన్నా" అనింది. సీనప్ప ఫోను చెవికి ఆనించుకొని, గోడవైపు తిరిగి ఏడ్చాడు. రేపు బిడ్డతో వస్తుందట. వచ్చేసరికి లైసెన్సు అతని చేతిలో ఉంటే బాగుంటుందయ్యా.