తల ఎత్తని ఫోటో

జులై 7, ఆదివారం

పదహారో నాటి కర్మకు పటం కావాలని తమ్ముడు తిరుపతిసామి అంటున్నాడు. నా బిడ్డ బృంద జ్వరంతో పోయి వారం కాలేదు. నాకు ముద్ద దిగడం లేదు, వాడికి పటం. కానీ వాడు చెప్పేదీ నిజమే. మొగం లేకుండా దేనికి దీపం పెడతాం.

దాని ఫోటోలన్నీ దాని సెల్‌లోనే ఉన్నాయి. లాక్ నాకు తెలియదు. కోవిల్‌పట్టి బస్టాండు దగ్గర సెల్ కొట్టుకు తీసుకుపోయాడు తమ్ముడు. కొట్టువాడు తెరిచాడు. లోపల ఏమీ లేదు. రీసెట్ చేస్తే అంతా పోతుందంట. "ముందే చెప్పినాను గదన్నా, నువ్వే సరే అంటివి" అన్నాడంట వాడు. తమ్ముడు నా వంక చూడలేదు.

జులై 9

ఆధార్ ఫోటో స్టూడియోలో ఇచ్చాము. బడికి పోయే రోజుల్లో తీసింది. పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా విడిపోయింది. అది చిన్నపిల్ల. నా కూతురికి ఇరవైరెండు.

జులై 10

శెనక్కాయ పాకం బిళ్ళలు చేసే షెడ్డులో బృందతో పనిచేసే రాక్కమ్మాళ్ వచ్చింది. ఏడ్చింది, కాఫీ తాగింది, మళ్ళీ ఏడ్చింది. పోతూ పోతూ గడప దగ్గర నిలబడింది. "అత్తా, పోయినేడు మా కడలమిట్టాయి షెడ్డుకు ఒక కెమెరా ఆయన వచ్చినాడు గదా. మేము పనిచేస్తావుంటే తీసినాడే. ఆయన దగ్గర ఉంటాది" అంది.

ఆయన నంబరు రాక్కమ్మాళ్ దగ్గరే ఉంది. పేరు సతీష్‌కుమార్. ఫోన్ చేసి బృంద పోయిందని చెప్పాను. ఆ ఫోటోలు ఇప్పుడు విరుదునగర్‌లో ఒక కల్యాణ మండపంలో ఎగ్జిబిషన్ పెట్టారంట. బృందది కూడా ఉందంట. ఆదివారం రమ్మన్నాడు.

ఆదివారం దాకా ఎట్లా.

జులై 14, సాయంత్రం, బస్సు దిగి వచ్చాక

తలుపంత ఫోటో. నా కూతురు. పళ్ళెంలో అదిమిన శెనక్కాయల పాకాన్ని బిళ్ళలుగా కోస్తోంది. తల దించుకుని ఉంది. పాపిట తెలుస్తోంది. చెవి పక్కన చెమట తెలుస్తోంది. కింది పెదవి పళ్ళతో పట్టుకుంది, సూదిలో దారం ఎక్కించేటప్పుడూ అట్లాగే పట్టుకునేది. కళ్ళు లేవు. రెప్పలే. ఇస్త్రీ చొక్కాల వాళ్ళు నిలబడి, లైటింగ్ బాగుందని చెప్పుకుంటూ పోతున్నారు.

తల ఎత్తింది ఒకటి చూపించు నాయనా అన్నాను. లేదన్నాడు సతీష్‌కుమార్. "కెమెరాను చూడొద్దు, మీ పని మీరు చేయండని నేనే చెప్పానమ్మా. చూస్తే ఫోటో కోసం నిలబడినట్టు ఉంటుంది. ఒక్కసారి చూసి నవ్వింది. అది డిలీట్ చేసేశాను."

నాతో వచ్చిన రాక్కమ్మాళ్ అందుకుంది. "ఈ మొగానికి సినిమాలో చాన్సు ఇప్పిస్తావా అన్నా అని అడిగింది అత్తా. పాకం గట్టిపడిపోతావుంది, వంచు తల అని మేస్త్రి అరిచినాడు."

ఆయన చిన్న ప్రింటు ఒకటి సంచిలో పెట్టి ఇచ్చాడు. నా మొగం చూడలేకపోయాడు.

జులై 15

అన్నం వండాను. తినలేదు.

జులై 17

నాకు చెప్పకుండా తమ్ముడు ఆ ప్రింటు స్టూడియోకు తీసుకుపోయాడు. వాళ్ళు కంప్యూటర్‌లో తల పైకెత్తారు, కళ్ళు తెరిచారు, పట్టుచీర కట్టారు, నవ్వు కూడా పెట్టారు. "చూడక్కా, పెండ్లికూతురు మాదిరి ఉంది" అన్నాడు.

చాలా బాగుంది. కళ్ళు ఎవరివో. ఈ పిల్ల నన్ను చూస్తోంది, నేనెవరో దానికి తెలియదు.

వద్దన్నాను. "కండ్లు కనపడని పటానికి ఎవరు దండం పెడతారక్కా? ఊరంతా నగుతారు" అన్నాడు. నగనీరా, ఇది నా కూతురు కాదు అన్నాను. "నేనేమన్నా నాకోసం చేసినానా" అని పటాన్ని మళ్ళీ కాగితంలో చుట్టేశాడు. సెల్ తన వల్లే పోయిందని కుమిలిపోతున్నాడు. నేను ఆ మాట అనలేదు. అనను కూడా.

జులై 19

పదహారో నాడు. తల దించుకున్నదే ఫ్రేము కట్టించి పెట్టాను. వచ్చినవాళ్ళు మెడ వంచి వంచి చూశారు. "మొగమే తెలవలేదే వదినె" అంది ఒకామె. దండ వేస్తే చేతులు కనపడకుండా పోయాయి. దండ పక్కకు జరిపాను.

జులై 20

పటానికి మేకు బాగా ఎత్తున కొట్టమన్నాను. తమ్ముడు కొట్టాడు. దాని చూపు నేలమీద ఎక్కడ పడుతుందో చూసుకుని, అక్కడ చాప వేసుకున్నాను.